పిడి విరిగిన మంగలి కత్తి

మంగలి కత్తిలో ముందుగా పోయేది పిడి. అలుగు మంచి ఉక్కుదైతే నూరేళ్లు దాటినా సానరాయి మీద మళ్లీ పదునెక్కుతుంది. పిడి మాత్రం ఈలోగా చిట్లి, వంకరపోయి, ఒక్కోసారి ముట్టుకుంటే పొడిగా రాలే స్థితికి వస్తుంది. పిడి పోయిందని కత్తినే పాత ఇనుములో వేసేవాళ్లు చాలామంది. ఆ పిడిలో ఉండేదల్లా రెండు పలకలు, తోక దగ్గర వాటి నడుమ ఒక చిన్న ముక్క, రెండు మూడు రివెట్లు. వీటిని కొత్తగా చేసుకోవడానికి కావలసిన సరుకు హైదరాబాదులో ఒక కరెంటు సామాన్ల కొట్లోనూ, ఒక వెల్డింగ్ సామాన్ల కొట్లోనూ దొరుకుతుంది. డబ్బు కన్నా ఓపిక ఎక్కువ ఖర్చయ్యే పని ఇది.

అమీర్‌పేటకూ యూసుఫ్‌గూడకూ నడుమ ఉన్న మధురానగర్ సెలూన్లలో ఇప్పుడు కనిపించే ఉస్తరా వేరే జాతిది. మడత చట్రంలో సగానికి విరిచిన బ్లేడు బిగించి, ఒక్కరికి వాడి పారేస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి వంటివి రక్తం ద్వారా అంటుకుంటాయన్న ఎరుక పెరిగాక సానపట్టే కత్తి సెలూన్ల నుంచి దాదాపు తప్పుకుంది. తిరుమల కల్యాణకట్టలోనూ తలనీలాలు తీసేది సగం బ్లేడుతోనే. సానకత్తులు ఇప్పుడు నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో తాతల నాటి పొదుల్లోనూ, పాత వస్తువులు సేకరించేవాళ్ల దగ్గరా, సినిమాలకు ప్రాపర్టీ సరఫరా చేసే కొట్లలోనూ మిగిలాయి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ షూటింగులకు పాతకాలపు దుస్తులు, సామాను అద్దెకిచ్చే కొట్లు కొన్ని మధురానగర్ పక్కనున్న కృష్ణానగర్ చుట్టుపక్కలే ఉన్నాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో జుమేరాత్ బజారులోనో తుప్పు సామాను మధ్య ఇలాంటి కత్తి కంటపడితే, దాని పిడి చెక్కుచెదరకుండా ఉండటం అరుదు.

అలుగు పరీక్ష

కొత్త పిడి చేసే ముందు అలుగు ఆ శ్రమకు తగినదో కాదో తేల్చుకోవాలి. పైపైన పట్టిన తుప్పు లెక్కలోది కాదు, గరుకు కాగితంతో పోతుంది. వాదర మీద గుంటలు పడేంత తుప్పు, వాదర నుంచి వెన్ను వైపు పాకిన వెంట్రుకవాసి పగులు, వెన్ను ఒకవైపే అరిగిపోయి ఉండటం మాత్రం తీరని లోపాలు. పగులును కంటితో పట్టలేకపోతే అలుగును దారానికి వేలాడదీసి గోటితో మీటాలి. గట్టి అలుగు ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా మోగి ఆగిపోతుంది.

పాత కత్తుల మీద ఎక్కువగా కనిపించే ఊరి పేర్లు రెండు: ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్. ఈ ఉక్కులో కార్బన్ సుమారు ఒక శాతమో, కాస్త ఎక్కువో ఉంటుంది. గట్టిదనానికి కారణం అదే. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఐరోపా ఉక్కు కన్నా భారతదేశపు ఊట్జ్ ఉక్కే మేలని ప్రకటించుకుని దానితో రేజర్లు, శస్త్రచికిత్స పరికరాలు చేసి అమ్మాడు. మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేసి 1820లో ఫలితాలు ప్రచురించినవాడూ ఇతనే. ఊట్జ్ తయారైన ఊళ్లలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పాత కత్తి చేతికొస్తే అది కోనసముద్రం ఉక్కేనని ఊహించుకోనక్కర్లేదు. అలాంటి అవకాశం లేనట్టే. మంచి ఉక్కు విలువ ఎంతటిదో చెప్పడానికి మాత్రం ఈ చరిత్ర చాలు.

ఈ గట్టిదనానికి శత్రువు వేడి. కాల్చి చల్లార్చిన అలుగును తయారీలో చివరగా 200 డిగ్రీల సెల్సియస్ లోపు మళ్లీ వేడిచేసి పెళుసుదనం తగ్గిస్తారు. తర్వాత ఎప్పుడైనా ఆ వేడి దాటితే ఉక్కు మెత్తబడుతుంది, మళ్లీ పదును నిలవదు. కాబట్టి పిడి మార్చే పనిలో గ్రైండర్, గ్యాస్ మంట అలుగు దగ్గరికి రాకూడదు. మొత్తం పని ఆకురాయి, చేతి డ్రిల్లు, చిన్న సుత్తితో సాగాలి.

పాత పిడి ఎందుకు పోయింది

కారణం తెలియకుండా కొత్త పిడి వేస్తే అదీ అదే దారి పడుతుంది. కింద పడి విరగడం, అలుగు ఇరుసులా తిరిగే తిరుగుడు రివెట్టు మరీ బిగుసుకుని పలక చిట్లడం మామూలు కారణాలు. గేదెకొమ్ము పిడి తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని మెలితిరుగుతుంది. కొమ్ములోని కెరటిన్‌ను తినే పురుగులు దానిలో గుంటలు తొలుస్తాయి. వీటన్నిటికన్నా వింతైనది, కత్తికి అసలు ప్రమాదకరమైనది సెల్యులాయిడ్ కుళ్లు.

సెల్యులాయిడ్‌ను అమెరికాలో జాన్ వెస్లీ హయత్ ఏనుగు దంతానికి బదులు బిలియర్డ్ బంతుల కోసం వెతుకుతూ తయారుచేశాడు. 1870లో పేటెంటు పొందాడు. దూది వంటి సెల్యులోజును నైట్రిక్ ఆమ్లంతో చర్య జరిపించి, దానికి కర్పూరం కలిపితే వేడికి మెత్తబడి అచ్చులో ఒదిగే పదార్థం వస్తుంది. దంతం, తాబేటి చిప్ప, కొమ్ము, ముత్యపుచిప్ప దేన్నైనా అనుకరించగలదు. పైగా చవక. పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా కత్తి పిడులు, దువ్వెనలు, అద్దాల చట్రాలు దీనితో విరివిగా తయారయ్యాయి.

సినిమా ఫిల్ము కూడా దీనితోనే, అంటే సెల్యులోజ్ నైట్రేటుతోనే తయారైంది. రఘుపతి ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) కాలంలోనూ, హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' (1932) కాలంలోనూ సినిమా హాళ్లలో ఆడేది నైట్రేట్ ఫిల్మే. ఆ 35 మిల్లీమీటర్ల ఫిల్ము తయారీని ఈస్ట్‌మన్ కోడక్ 1951 ప్రాంతంలో ఆపింది. మధురానగర్‌కు దగ్గర్లోని సారథి స్టూడియో 1950ల చివర్లో పని మొదలుపెట్టేనాటికి నైట్రేట్ కాలం ముగిసి ఎసిటేట్ ఫిల్ము వచ్చేసింది. ఫిల్మ్‌నగర్ కెమెరాలు నైట్రేట్ ఫిల్మును చూడనేలేదు. అయినా ఆ పదార్థం తెలుగు సినిమా ఊళ్లో ఇంకా ఉంది. ప్రాపర్టీ కొట్టు పెట్టెలో పడున్న పాత కత్తి పిడిలో ఉంది.

నైట్రేట్ రీళ్లను ఏ రసాయన చర్య పాడుచేస్తుందో పిడిని పాడుచేసేదీ అదే. సెల్యులాయిడ్ నిలకడలేని పదార్థం. ఏళ్లు గడిచేకొద్దీ అందులోని నైట్రేట్ గుంపులు ఊడి నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులుగా బయటికొస్తాయి. గాలిలోని తేమతో కలిస్తే అవి నైట్రిక్ ఆమ్లం అవుతాయి. ఆ ఆమ్లం మిగతా సెల్యులాయిడ్‌ను మరింత వేగంగా విడగొడుతుంది. అంటే చర్య తనకు తానే వేగం పెంచుకుంటుంది. వేడి పెరిగినా వేగం పెరుగుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాదులో గాలాడని ట్రంకుపెట్టె ఈ చర్యకు అన్నిటికన్నా అనుకూలమైన చోటు. వాయువు బయటికి పోదు, ఆమ్లం అక్కడే పేరుకుంటుంది.

మడిచిపెట్టిన కత్తిలో అలుగు సరిగ్గా రెండు పలకల నడుమ ఉంటుంది. అందుకే కుళ్లు పట్టిన పిడిలోని కత్తికి తుప్పు విచిత్రమైన చోట పడుతుంది: అలుగును పిడికి కలిపే మెడ బయటి భాగం శుభ్రంగా ఉంటుంది, పలకలు కప్పిన మేర మాత్రం ఎర్రగా, నల్లగా తినేసి ఉంటుంది. పలక మీద గళ్లుగళ్లుగా సన్నటి పగుళ్లు, జిగట చెమట, ఘాటైన పుల్లటి వాసన, ఇత్తడి రివెట్ల చుట్టూ పచ్చటి మరక కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. పారదర్శకమైనవి, తాబేటి చిప్పలా రంగులు పూసినవి ముందు కుళ్లుతాయి. దంతం రంగువి ఎక్కువకాలం నిలుస్తాయి, ఎందుకంటే తెలుపు కోసం కలిపిన జింక్ ఆక్సైడు ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది.

కుళ్లిన పిడిని అతికించి కాపాడాలనుకోవడం దండగ. దాన్ని వెంటనే తీసెయ్యాలి, మంచి కత్తుల సరసన ఒక్కరోజు కూడా ఉంచకూడదు. పనిచేసే చోట నిప్పు, సిగరెట్టు ఉండకూడదు. సెల్యులాయిడ్ నిర్మాణంలోనే ఆక్సిజన్ ఉండటంవల్ల ఒకసారి అంటుకుంటే బయటి గాలితో దానికి పనిలేదు. 2003 జనవరిలో పుణెలో జాతీయ ఫిల్ము ఆర్కైవ్ నైట్రేట్ రీళ్లు వేల సంఖ్యలో కాలిపోయాయి. పిడిలో ఉండే పదార్థం కొద్దిపాటిదే, స్వభావం మాత్రం అదే. తీసిన ముక్కలను నీళ్లలో తడిపి, తడిగానే మూటగట్టి పారేయాలి.

పిడి ఏ పదార్థమో తేల్చడానికి ముక్కు చాలు. బట్టతో గట్టిగా రుద్ది వేడెక్కించి వాసన చూస్తే సెల్యులాయిడ్ కర్పూరం వాసన వేస్తుంది, గట్టి రబ్బరు రకమైన ఎబొనైట్ గంధకం వాసన వేస్తుంది. కొమ్మును ఆకురాయితో కాస్త రాస్తే వెంట్రుకలు కాలిన వాసన. సూది కాల్చి గుచ్చి చూసే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది, సెల్యులాయిడ్ విషయంలో అది ప్రమాదం.

అతుకా, కొత్తదా

ప్రతి పగులుకూ కొత్త పిడి అవసరం లేదు. పిడి వదులైతే పగులేమీ లేకపోవచ్చు. రివెట్టు తలను ఇనుప దిమ్మ మీద ఆనించి చిన్న గుండు సుత్తితో రెండు మూడు తేలిక దెబ్బలు వేస్తే సరిపోతుంది. కుళ్లు పట్టని సెల్యులాయిడ్ పలక మధ్యలో చిట్లితే పగులులోకి ఒక చుక్క ఎసిటోన్ దించి నొక్కిపట్టాలి. ఎసిటోన్ సెల్యులాయిడ్‌ను కరిగిస్తుంది కాబట్టి రెండు అంచులూ కరిగి ఒకటవుతాయి. గోళ్ల రంగు తీసే ద్రవాల్లో చాలావాటిలో ఉండేది ఎసిటోనే. కొమ్ముకూ కర్రకూ ఆరల్డైట్ మేలు, ఫెవిక్విక్ సన్న పగుళ్లకు పనికొస్తుంది.

తిరుగుడు రివెట్టు రంధ్రం నుంచి మొదలైన పగులుకు అతుకు నిలవదు. కత్తి తెరిచిన ప్రతిసారీ బలమంతా పడేది అక్కడే. అలాంటప్పుడు పలకలు మార్చడమే ఉపాయం.

పాత పిడి విప్పే ముందు వాదర మీద కాగితపు టేపు రెండు పొరలు చుట్టాలి. పలకను అట్టముక్క మీద పెట్టి అంచు, రంధ్రాల స్థానాలు గీసుకోవాలి. తర్వాత కొలతలకు ఆధారం ఇదొక్కటే. పలకలు ఎలాగూ పారేసేవైతే వాటిని కటింగ్ ప్లయర్‌తో తుంచేయడమే తేలిక. దాచుకోవలసినవైతే రివెట్టు తలను సన్న ఆకురాయితో అరగదీసి, కింద ఒక నట్టు పెట్టి, తల కోసేసిన సన్న మేకుతో రివెట్టును నట్టు రంధ్రంలోకి దించాలి. తుప్పు పట్టిన ఇనుప రివెట్టు కదలకపోతే నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేయాలి. మెడను వైస్‌లో బిగించి సుత్తితో మోదితే అలుగు విరిగే ప్రమాదం ఉంది. గట్టి ఉక్కు పక్కదెబ్బకు తట్టుకోదు.

చవకలో ఏ పదార్థం

పిడి పలక పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, వెడల్పు 2 సెంటీమీటర్ల లోపు, మందం రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. మందం తక్కువైతే ఏమవుతుందో యంత్రశాస్త్రం చెబుతుంది. పలక వంగకుండా నిలిచే బిగువు మందానికి ఘనంగా పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల పలక కన్నా మూడు మిల్లీమీటర్ల పలక దాదాపు 3.4 రెట్లు బిగువైనది. పలుచని పలక పక్కకు వంగితే మడిచేటప్పుడు వాదర దానికి తగిలి పదును చెడుతుంది.

బరువూ చూడాలి. 15 సెంటీమీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 0.3 మందం ఉన్న రెండు పలకల ఘనపరిమాణం 16.2 ఘన సెంటీమీటర్లు. ఇత్తడివైతే సుమారు 138 గ్రాములు తూగుతాయి. మధ్య పలచగా గుల్ల చేసిన అలుగు కన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. చేతిలో కత్తి తోకవైపు లాగుతుంది, మణికట్టు నొప్పెడుతుంది. సెల్యులాయిడ్ సాంద్రత 1.4కు దగ్గర. అసలు కత్తి ఆ బరువుకే తూకం కుదిరేలా తయారైంది కాబట్టి కొత్త పదార్థం సాంద్రత కూడా ఆ దరిదాపుల్లో ఉంటే మంచిది.

అలాంటి పదార్థం మధురానగర్‌కు కూతవేటు దూరంలోనే ఒకప్పుడు టన్నులకొద్దీ తయారయ్యేది. స్విచ్‌బోర్డుల మూతలకు ఎలక్ట్రీషియన్లు వాడే గోధుమరంగు హైలం షీటు అది. సనత్‌నగర్‌లోని బేకలైట్ హైలం కర్మాగారం పేరే ఈ రకం షీట్లన్నిటికీ వాడుక పేరై స్థిరపడింది. కాగితాన్నో బట్టనో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెజిన్‌లో నానబెట్టి, పొరలు పేర్చి, వేడితో ఒత్తితే ఈ షీటు వస్తుంది. రెజిన్ 1907 ప్రాంతంలో లియో బేక్‌లండ్ కనిపెట్టిన బేకలైటే. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ సంస్థ మైకార్టా పేరుతో చేసిన పదార్థమూ ఇదే కుటుంబం. ఖరీదైన వేటకత్తుల పిడులకు ప్రపంచమంతా మెచ్చుకునే మైకార్టాకూ, మన గోడ మీది స్విచ్‌బోర్డుకూ మధ్య ఉన్న తేడా ఎక్కువగా రంగులోనూ ధరలోనూ ఉంది. సాంద్రత 1.4 లోపు, అంటే రెండు పలకలు సుమారు 22 గ్రాములు. నీటికి పెద్దగా ఉబ్బదు, స్పిరిట్‌కు చెక్కుచెదరదు, ఆమ్లం వదలదు. ఒక చదరపు అడుగు షీటులో పలకకు రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు వదిలి కోసినా ఇరవై నాలుగు పలకలు, అంటే పన్నెండు పిడులు వస్తాయి. ముక్కగా అడిగితే కొట్టువాడు చాలాసార్లు మిగులు ముక్క ఇచ్చి పంపుతాడు. కోసేటప్పుడు లేచే పొడి మాత్రం ఊపిరితిత్తులకు మంచిది కాదు. మూతికి మాస్కు కట్టుకోవాలి, గరుకు కాగితాన్ని తడిపి రుద్దాలి.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని బోర్డులు చేసే కొట్లలో అక్రిలిక్ ముక్కలు గుట్టలుగా పడుంటాయి. మెరుపు, రంగు, చవకదనం చూసి చాలామంది వాటివైపే మొగ్గుతారు. కత్తి పిడికి అక్రిలిక్‌తో ఒక చిక్కుంది. లోపల ఒత్తిడి ఉన్న అక్రిలిక్‌కు ఆల్కహాలు తగిలితే సాలెగూడులా సన్నపగుళ్లు పాకుతాయి. రివెట్టు బిగువు వల్ల ఒత్తిడి ఎక్కువగా ఉండేది రంధ్రం చుట్టూ. గడ్డం గీశాక రాసే లోషన్‌లోనూ, తుడిచే స్పిరిట్‌లోనూ ఉండేది ఆల్కహాలు. కాబట్టి సినిమా ప్రాపర్టీగా చూపడానికే చేసే కత్తికి అక్రిలిక్ బాగుంటుంది, రోజూ వాడే కత్తికి కాదు.

నీళ్ల పైపుల పీవీసీ ఇంకా చవక. పైపును నిలువుగా చీల్చి మరిగే నీళ్లలో పెడితే 80 డిగ్రీలు దాటేసరికి మెత్తబడుతుంది. రెండు గచ్చు పలకల నడుమ బరువు పెట్టి చల్లారనిస్తే చదునుగా వస్తుంది. దాన్ని మంట మీద పెట్టకూడదు. మాడిన పీవీసీ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, అది మనిషికీ ఉక్కుకూ హాని. సన్‌మైకా షీటు హైలంకు బంధువే కానీ మందం ఒక మిల్లీమీటరు ఉంటుంది. రెండు మూడు పొరలు ఆరల్డైట్‌తో అతికితే పనికొస్తుంది. విద్యార్థులు వాడే 30 సెంటీమీటర్ల కర్ర స్కేలును నడిమికి కోస్తే పలకల జత చేతికొచ్చినట్టే. అంతకన్నా చవకైన పిడి ఊహించడం కష్టం.

కర్ర విషయంలో చేవ ముఖ్యం. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి మరీ మెత్తన, రివెట్టు దగ్గర నలిగిపోతుంది. పాత తలుపుల టేకు, జిట్రేగి ముక్కలు, నల్లటి తాటిచేవ బాగా నిలుస్తాయి. రివెట్టుకు రంధ్రం చేశాక లోపలివైపు, రంధ్రం గోడలు కూడా వదలకుండా ఉడికించిన అవిసె నూనె పట్టించాలి. తడి ముందు దూరేది అక్కడినుంచే. నూనె పట్టిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు, ఆరుతూ వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు.

గేదెకొమ్ము పాతకాలపు అసలు పదార్థం. శ్రీకాకుళం సరిహద్దున ఒడిశాలో ఉన్న, తెలుగువాళ్లు ఎక్కువగా నివసించే పర్లాకిమిడి కొమ్ముపనికి పేరున్న ఊరు. కొమ్ము వేడికి మెత్తబడుతుంది, ఒత్తి చదును చేయవచ్చు, మెరుగుపెడితే నల్లరాయిలా మెరుస్తుంది. చవకలో చేసేవారికి దానితో వచ్చే తలనొప్పి తేమ. వారం వానకే వంగిపోవచ్చు.

ఏనుగు దంతం, తాబేటి చిప్పల జోలికి పోకూడదు. విశాఖపట్నం పనివాళ్లు ఒకప్పుడు ఐరోపావారి కోసం దంతం పొదిగిన పెట్టెలు చేసి పేరు తెచ్చుకున్నారు. ఆ కాలం పోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, తర్వాతి సవరణలు వీటి వ్యాపారాన్ని నిషేధించాయి. ఎర్రచందనం ముక్క ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా దాని వెనక కేసు ఉండొచ్చు.

కోత, రంధ్రం, రివెట్టు

రెండు పలకలూ అచ్చుగుద్దినట్టు ఉండాలంటే వాటిని విడిగా కోయకూడదు. హైలం ముక్కలు రెంటినీ రెండువైపులా అంటుకునే టేపుతో జతచేసి, అట్ట మీది గీతను పైకి దించి, హాక్సా బ్లేడుతో గీతకు కాస్త బయటగా కోసి, ఆకురాయితో గీత దాకా తేవాలి. రంధ్రాలు కూడా జతగా ఉన్నప్పుడే వేయాలి. అప్పుడే రెండు పలకల రంధ్రాలూ ఒకే సూటిలో ఉంటాయి. రంధ్రం 1.6 మిల్లీమీటర్లు. తిరుగుడు రంధ్రం వాలుగా పడితే కత్తి మడిచినప్పుడు వాదర ఒక పలకను రాసుకుంటూ లోపలికి వెళ్తుంది. చేతి డ్రిల్లు నిలువుగా పట్టడం కష్టమైతే అమీర్‌పేట చుట్టుపక్కల ఏ వర్క్‌షాపులోనైనా డ్రిల్లు మిషను మీద వేయించుకోవచ్చు.

రివెట్లకు వెల్డింగ్ కొట్లలో దొరికే 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి బ్రేజింగ్ రాడ్డు సరిపోతుంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ బజారులో ముక్కలుగానూ ఇస్తారు. సైకిల్ చువ్వ కూడా రివెట్టు అవుతుంది కానీ ఉక్కు గట్టిది, తల కొట్టడానికి ఎక్కువ దెబ్బలు పడతాయి, ఆ దెబ్బలకు పలక చిట్లుతుంది.

తోక దగ్గర రెండు పలకల నడుమ పెట్టే ముక్కే పిడి పనితనాన్ని తేల్చేది. మెడ మందం నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటే ఈ ముక్క దానికన్నా పలచగా, సగం మందంలో ఉండాలి. పైగా లోపలి అంచు వైపు సన్నబడుతూ రావాలి. అప్పుడు పలకలు రెండూ తోక వైపు దగ్గరగా, మెడ వైపు ఎడంగా నిలిచి బట్టలకు పెట్టే క్లిప్పులా మెడను రెండువైపుల నుంచి నొక్కుతాయి. కత్తి ఎక్కడ తెరిస్తే అక్కడ ఆగేది ఈ నొక్కుడు వల్లే. పాత షెఫీల్డ్ కత్తుల్లో ఈ ముక్క తరచూ సీసంతో ఉండేది. బరువు కోసం ఇప్పుడు సీసం వాడటం అనవసరం. మిగిలిన హైలం ముక్కనే అరగదీస్తే చాలు. విద్యార్థి స్కేలుతో చేసిన పిడికైనా ఈ ముక్క కుదిరితే కత్తి చక్కగా పనిచేస్తుంది. దంతం లాంటి పలకలు వేసి దీన్ని అశ్రద్ధ చేసిన పిడులు మూలన పడతాయి.

రివెట్టు కొట్టేముందు తాత్కాలికంగా బిగించి చూడాలి. ఇత్తడి రాడ్డు ముక్కలను పొడుగ్గానే రంధ్రాల్లో దూర్చి, రెండు చివర్లా కరెంటు వైరు మీద నుంచి ఒలిచిన ప్లాస్టిక్ తొడుగులు బిగువుగా తొడిగితే పలకలు ఊడవు. ఇప్పుడు కత్తిని మెల్లగా మడిచి వెలుతురుకు ఎత్తి చూడాలి. వాదర పలకల నడుమ సరిగ్గా మధ్యలో దిగుతోందా, కొస తోకముక్కకు తగులుతోందా, వాదర ఎక్కడైనా పలక అంచు దాటి బయటికి కనిపిస్తోందా అన్న మూడూ ఇక్కడే తేలాలి. రివెట్టు పడ్డాక సరిచేయడానికి మార్గం లేదు, మళ్లీ కోసి తీయడమే.

మెడకూ పలకలకూ నడుమ పలుచని వాషర్లు పడాలి. ఇత్తడి రేకువి దొరక్కపోతే కూల్‌డ్రింక్ బాటిల్ ప్లాస్టిక్‌ను గుండ్రంగా కత్తిరిస్తే జారుడుగా ఉంటుంది. బయటివైపు రివెట్టు తల కింద చిన్న ఇత్తడి బిళ్ల ఉండాలి. బలం ఒక చుక్క మీద కాక వలయమంతా పరుచుకుంటుంది.

తోక రివెట్టు ముందు, తిరుగుడు రివెట్టు చివర. రాడ్డును బిళ్ల మీద సుమారు ఒక మిల్లీమీటరు పైకి ఉండేలా కోసి, కొసను చదునుగా రాసి, అడుగున ఇనుప దిమ్మ ఆనించి కొట్టాలి. దిమ్మకు పాత తూకపు రాయైనా చాలు. గుండు సుత్తి గుండ్రటి కొసతో, నడిమి మీద కాకుండా అంచు చుట్టూ, చిటికెన వేలి బలంతో దెబ్బలు పడాలి. మధ్యమధ్య కత్తిని తిప్పి రెండోవైపూ కొట్టాలి. దెబ్బ తిన్న కొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, ఎందుకంటే లోహపు రేణువుల్లో పొరలు జారి ఒకదానికొకటి అడ్డుపడతాయి. అందుకే మొదటి దెబ్బలు ఎక్కువ పనిచేస్తాయి, తర్వాతివి తక్కువ. బలవంతాన ఇంకా కొడితే తల అంచు చిట్లుతుంది. తిరుగుడు రివెట్టు కొట్టేటప్పుడు మెడకూ పలకకూ నడుమ విజిటింగ్ కార్డు ముక్క దూర్చి ఉంచి, చివర లాగేస్తే ఎంత వదులుండాలో అంతే మిగులుతుంది. రెండు మూడు దెబ్బలు తక్కువ పడితే తర్వాత వేసుకోవచ్చు, ఒక్కటి ఎక్కువైతే వెనక్కి తీసుకోలేం.

అంచులను 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 1000 దాకా తడిరుద్దుడు చేసి, చివరగా బ్రాస్సో పట్టిస్తే హైలం సన్నగా మెరుస్తుంది. పొరలు గీతలుగా బయటపడి కర్ర రేఖల్లా కనిపిస్తాయి. రివెట్టు తలలూ బ్రాస్సో గుడ్డతోనే మెరుపెక్కుతాయి. ఆ తర్వాతే వాదర మీది టేపు తీసి, అలుగును సానరాయి మీదికీ తోలుపట్టీ మీదికీ తీసుకెళ్లాలి.

షూటింగుకు ఇచ్చే కత్తికి సాన పట్టకూడదు. దాని వాదరను ఆకురాయితో మొద్దు చేసే ఇవ్వాలి. గడ్డానికి వాడే కత్తి ఒక్క మనిషిదే కావాలి. సానకత్తిని డెటాల్ నీళ్లలో ముంచినంత మాత్రాన ఒకరి నుంచి ఒకరికి జబ్బులు పాకకుండా ఉంటాయన్న భరోసా లేదు. వాడాక తిరుగుడు దగ్గర నీరు నిలవకుండా గుడ్డ కొసతో తుడిచి, కుట్టుమిషను నూనె చుక్క వేసి, తెరిచే ఆరనివ్వాలి. కొబ్బరినూనె కొంతకాలానికి చిక్కబడి మడత బిగుసుకుపోయేలా చేస్తుంది. కొత్త పలకలు మొదటి కొన్ని వారాల్లో వాషర్ల మీద సర్దుకుంటాయి, తిరుగుడు కాస్త వదులవుతుంది. అప్పుడు వేయాలి ఆ మిగిల్చిన రెండు మూడు దెబ్బలు.